కథ లేని స్కీయింగ్ సినిమాలు ఎందుకు కట్టిపడేస్తాయి: ఒక ఎడిటర్ సమాధానం

మీరు అడిగిన ప్రశ్న ఇది: మంచును ఒక్కసారి కూడా కంటితో చూడని మనిషి, కథ గానీ పాత్రలు గానీ గెలుపోటములు గానీ లేని ఫ్రీస్టైల్ స్కీయింగ్ (స్కీల మీద జారుతూ విన్యాసాలు చేసే ఆట) సినిమాలను రాత్రి పొద్దుపోయేదాకా విసుగు లేకుండా ఎందుకు చూస్తాడు, వాటిలో గాలిలోకి దూకడాలు తప్ప ఇంకేమైనా ఉందా, ఉంటే దేనితో మొదలుపెట్టాలి? నేను వృత్తిరీత్యా ఎడిటర్‌ను. హైదరాబాద్‌లో కొన్నేళ్లపాటు ఫైట్లూ పాటలూ కట్ చేసి, తరువాత కొలరాడోలో స్థిరపడ్డాను. ముప్పై ఎనిమిదో ఏట, ఐదేళ్ల పిల్లల వరుసలో నిలబడి, వాళ్లకంటే ఎక్కువసార్లు పడుతూ స్కీయింగ్ నేర్చుకున్నాను. ఈ సినిమాలను తీసినవాణ్ణి కాను, కానీ ఇరవై ఏళ్లుగా శ్రద్ధగా చూస్తున్నవాణ్ణి, అప్పుడప్పుడు వాటిని షాటు షాటుగా విడదీసి లెక్క వేసుకున్నవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మిమ్మల్ని కట్టిపడేస్తున్నది గాలిలోకి దూకడం కాదని నా అభిప్రాయం. దూకడమే కారణమైతే మన ఫైట్లలోని రోప్ షాట్లు కూడా అంతసేపు కూర్చోబెట్టాలి. వాటి తయారీ ఎలా ఉంటుందో నాకు తెలుసు: ఒక దెబ్బను మూడు ముక్కలుగా తీస్తారు, మధ్య ముక్కలో డూప్ ఉంటాడు, రోప్‌ను తరువాత గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు, ఆ మూడింటినీ అతికించి శబ్దం జోడించేది ఎడిటింగ్ రూమ్. తప్పేమీ లేదు, అది దాని కళ. అయితే ప్రేక్షకుడి మనసులో ఒక మూల ఆ అతుకు సంగతి తెలుసు. స్కీయింగ్ సినిమాలో కొండ తనంతట తానే లెక్క రాసిపెడుతుంది. మనిషి దిగిన ప్రతి అడుగూ మంచులో గాడిగా మిగిలిపోతుంది, ఎక్కడ వేగం తగ్గించాడో, ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ స్కీ అంచు మీద బరువు మార్చాడో ఆ గాడిలోనే ఉంటుంది, అతడు ఫ్రేములోంచి వెళ్లిపోయాక కూడా కెమెరా దాన్ని చూపిస్తూనే ఉంటుంది. ఎవరూ తొక్కని వాలు ఆ రోజుకు ఒక్క టేక్‌కే పనికొస్తుంది. రెండో టేక్ కావాలంటే ఇంకో వాలు వెతకాలి, లేదా మళ్లీ మంచు కురిసేదాకా ఆగాలి.

ఆ గాడిని స్కీయర్లు ‘లైన్’ అంటారు. ఈ సినిమాలు చూడడం నేర్చుకోవడమంటే, నా దృష్టిలో, లైన్ చూడడం నేర్చుకోవడమే. అలాస్కాలో వాల్డెజ్ చుట్టుపక్కల, చుగాచ్ పర్వతాల్లో తీసిన దృశ్యాలను తీసుకోండి. అక్కడ వాలు చాలాచోట్ల 45 డిగ్రీలు దాటుతుంది, సముద్రపు తేమతో కురిసిన మంచు అంత నిటారు రాతికి కూడా పట్టుకుని వెన్నెముకల వంటి సన్నని గట్లుగా నిలుస్తుంది. హెలికాప్టర్ దించిన శిఖరం మీద నిలబడిన స్కీయర్‌కు కిందనున్న వాలు కనబడదు. నాలుగు గజాల అవతల అది గుండ్రంగా వంగి మాయమవుతుంది, ఆ తరువాత కనబడేది లోయ అడుగే. అందుచేత పైకి వెళ్లక ముందే అతడు ఎదుటి వైపునుంచి ఆ కొండ ముఖాన్ని ఫోటో తీసుకుని, నల్లరాయి ఎక్కడుంది, దాని పక్కన గట్టు ఎటు వంగింది, అది దాటాక దూకవలసిన చోటు ఏది అని కంఠస్థం చేస్తాడు. ఇందులో ఒక చిక్కుంది. కిందినుంచి చూసిన బొమ్మను పైనుంచి దిగేటప్పుడు తలకిందులుగా, కుడిని ఎడమగా మార్చుకుని గుర్తుచేసుకోవాలి. ఒక గట్టు తేడా వస్తే దారి కొండ అంచుకు తీసుకుపోతుంది. ఇవన్నీ చాలవన్నట్టు అతడి మలుపులకు కదిలిన పైమంచు వెనుకనుంచి ప్రవాహంలా జారివస్తుంది. దాన్ని వాళ్లు ‘స్లఫ్’ అంటారు. దానికంటే ముందుండాలి, లేదా గట్టు అవతలికి తప్పుకుని దాన్ని పోనివ్వాలి. మనకు అర నిమిషం పాటు కనబడే ఆ దిగడంలో ఇంత లెక్క నడుస్తుంది. ఆ లెక్క పేర్లు మీకు తెలియకపోయినా, ఒక మనిషి ముందే తీసుకున్న నిర్ణయాన్ని వెనక్కి తగ్గే వీలులేని చోట అమలు చేస్తున్నాడన్న సంగతి మీ కంటికి అందుతోంది. కథ లేదని మీరన్నారు. నా ఉద్దేశంలో కథ అదే.

ముంగిట్లో మెలిక ముగ్గు వేసేవారిని చూసినవారికి దీన్ని వేరే ఉపమానంతో చెప్పనక్కరలేదు. చుక్కలు పెట్టడం వరకు ఎవరైనా పెడతారు, కానీ పిండి ధార తెగకుండా చుక్కల చుట్టూ తిప్పుకుంటూ మొదలుపెట్టిన చోటికే చేరేదాకా మనం పాలవాణ్ణి కూడా పట్టించుకోకుండా గడపలో నిలబడి చూస్తాం. అక్కడ ప్రాణభయం లేదు, అంత మాత్రమే తేడా.

ఇక కెమెరా సంగతి. వాలును ఎదురుగా దూరపు లెన్సుతో తీస్తే ఎంత నిటారు కొండైనా నున్నని గోడలా చదునుగా కనబడుతుంది, ఆ మనిషి దాని మీద ఊరికే జారుతున్నట్టుంటుంది. పక్కనుంచి తీస్తే ఏటవాలు తెలుస్తుంది, పైనుంచి తీస్తే లోతు తెలుస్తుంది. మబ్బు పట్టిన రోజున మంచుమీద నీడలు ఉండవు, నీడ లేకపోతే గట్టూ గుంటా ఒక్కటే, అందుకే మంచి దృశ్యాలన్నీ పొద్దున్నే, సూర్యుడు కిందుగా ఉండగా తీసినవై ఉంటాయి. ఆ వెలుతురు కోసం, గాలి తగ్గడం కోసం, మంచు కుదురుకోవడం కోసం బృందాలు రోజుల తరబడి గుడారంలోనో బసలోనో పేకాడుతూ కూర్చుంటాయి. వారాల నిరీక్షణకు ప్రతిఫలం కొన్ని నిమిషాల రషెస్, అంటే ఇంకా ఎడిట్ చేయని ఫుటేజ్. ఎడిటర్‌గా నాకు అన్నింటికంటే నచ్చేది, మంచి స్కీయింగ్ సినిమా ఎడిటర్ తన కత్తెరను అదుపులో పెట్టుకోవడం. లైన్ మొదలైన చోటునుంచి ముగిసే చోటుదాకా ఒకే షాట్‌లో వదిలేస్తే ప్రేక్షకుడు ఊపిరి బిగబడతాడు. అదే దిగడాన్ని ఆరు ముక్కలు చేసి సంగీతం తాళానికి కొడితే అది ప్రకటన అయిపోతుంది. ఈ మధ్య వచ్చిన వాటిలో చాలా వాటి జబ్బు అదే. స్లో మోషన్‌ది కూడా ఇదే కథ. గాలిలో ఉన్న రెండు మూడు సెకన్లను సాగదీస్తే శరీరం తిరిగే తీరు అర్థమవుతుంది, అయితే నేలను తాకే క్షణాన్ని కూడా సాగదీస్తే ఆ తాకిడి బరువు పోతుంది. నేనైతే గాలిలో సాగదీసి, ల్యాండింగ్‌కు ముందే అసలు వేగానికి తెచ్చేస్తాను.

పోటీలకూ సినిమాలకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. ఫ్రీస్టైల్ విన్యాసాల పేర్లు డిగ్రీల్లో ఉంటాయి: ఒక చుట్టు 360, మూడు చుట్లు 1080. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో బిగ్ ఎయిర్‌లో, అంటే ఒకే పెద్ద దిబ్బ మీదినుంచి గాలిలోకి లేచి విన్యాసం చేసే పోటీలో, చైనా తరఫున స్వర్ణం గెలిచిన ఐలీన్ గూ చివరి ప్రయత్నంలో 1620, అంటే నాలుగున్నర చుట్లు తిరిగింది. ఆమె అంతకుముందెన్నడూ పోటీలో చేయని విన్యాసం అది, గొప్ప సాహసం. అయినా మామూలు ప్రేక్షకుడి కన్ను మూడో చుట్టు తరువాత లెక్క తప్పుతుంది, ఆ పైన న్యాయనిర్ణేతల అంకెలను నమ్ముకోవలసిందే. సినిమాలో అంకెలు చూపే బల్ల ఉండదు. ఒక్క చుట్టే తిరిగినా, ఏ కొండ మీద, ఎలాంటి మంచులో, ఏ లైన్ మధ్యలో తిరిగాడన్నది ముఖ్యమవుతుంది, దాన్ని మీరే తూచుకోవచ్చు. మంచు చూడనివారికి సినిమా ఎక్కువగా నచ్చడానికి ఇదొక కారణమని నాకు తోస్తుంది.

ఇదంతా నిన్న మొన్నటిది కాదు. జర్మన్ దర్శకుడు ఆర్నాల్డ్ ఫాంక్ 1931లోనే ఆస్ట్రియాలోని ఆర్ల్‌బర్గ్ వాలుల మీద, ఇద్దరు స్కీయర్లను డజన్ల కొద్దీ మంది వెంటాడే ఆటను ఒక సినిమాగా తీశాడు. కథ నామమాత్రం, మంచు చిమ్మడమే ప్రధానం. అమెరికాలో వారెన్ మిల్లర్ 1950లో తన మొదటి సినిమా పట్టుకుని ఊరూరా హాళ్లలో వేస్తూ, తెర పక్కన నిలబడి తానే వ్యాఖ్యానం చెబుతూ తిరిగాడు. 2018లో 93వ ఏట కన్నుమూశాడు. ఏటా శరదృతువులో, తొలి మంచుకు ముందు, కొత్త స్కీయింగ్ సినిమాను ఊరి హాలులో అందరూ కలిసి చూసి కేకలు వేసే ఆనవాయితీకి ఆయనే ప్రధాన కారకుడు. కొండ పైకి తీసుకెళ్లే కుర్చీ లిఫ్టులో ఎక్కబోయి బోర్లాపడే మామూలు జనాన్ని కూడా ఆయన సినిమాలో చూపించేవాడు, నాలాంటివారికి అది పెద్ద ఊరట.

ఈ చరిత్రలో నాకు బాగా ఇష్టమైన మనిషి మాత్రం విల్లీ బోగ్నర్. జర్మనీ తరఫున పందేల్లో పాల్గొన్న స్కీయర్, ఆ తరువాత కెమెరామన్ అయ్యాడు. 1969 నాటి జేమ్స్ బాండ్ సినిమాలో స్విట్జర్లాండ్‌లోని షిల్ట్‌హార్న్ శిఖరం మీదినుంచి సాగే వెంటాడే దృశ్యాలను, కెమెరాను చేత్తో పట్టుకుని, స్కీల మీద వెనక్కి జారుతూ తీశాడు. నటుల డూప్‌లు ముందుకు జారుతూ ప్రాణాలు కాపాడుకుంటుంటే, ఈయన వెనక్కి జారుతూ ఫ్రేము కూడా కాపాడుకోవాలి. 1981 నాటి బాండ్ సినిమాకు ఇటలీలోని కోర్టినాలో పనిచేసేటప్పుడు ముందుకూ వెనక్కూ రెండు దిక్కులా సాగే స్కీలను తనకోసం ప్రత్యేకంగా రూపొందించుకున్నాడు. ఆ షూటింగ్‌లోనే, మంచు కాలువలో తీస్తున్న బాబ్‌స్లెడ్ (అందులో వేగంగా జారే బండి) దృశ్యంలో పావ్‌లో రిగోన్ అనే యువ స్టంట్‌మన్ మరణించాడు. ఆ సినిమా చూసినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. ఇదే వరుసలో 1977లో విడుదలైన సినిమా కోసం రిక్ సిల్వెస్టర్ కెనడాలోని బాఫిన్ దీవిలో ఆస్‌గార్డ్ పర్వతం అంచు దాటి స్కీలతో శూన్యంలోకి దూకిన షాట్ ఉంది. దానికి బోలెడన్ని అనుకరణలు వచ్చాయి, కానీ అసలు దాన్ని జాగ్రత్తగా చూస్తే, అతడు వదిలించుకున్న స్కీ ఒకటి తెరుచుకుంటున్న పారాచూట్‌ను తగులుతూ పడడం కనబడుతుంది. ఎవరూ రాసి పెట్టని ప్రమాదం అది. అంతసేపు సంగీతం లేకుండా వదిలేసిన ఎడిటర్‌కు నమస్కారం పెట్టాలి.

వెనక్కి జారే స్కీల మాట ఊరికే ఎత్తలేదు. 1990లలో మొగల్స్ పోటీల్లో, అంటే మంచు దిబ్బల మీదుగా దిగే పోటీల్లో, తలకిందులయ్యే విన్యాసాలకు అనుమతి లేదు. ఆ నియమాలతో విసిగిన కొందరు కెనడా కుర్రాళ్లు, కోచ్ మైక్ డగ్లస్, జేపీ ఆక్లేర్, జేఎఫ్ కుసాన్, విన్సెంట్ డోరియన్ మొదలైనవారు, ఒకే పలక మీద జారే స్నోబోర్డర్ల ఆటస్థలాల్లోకి వెళ్లి వాళ్లలా వెనక్కి దిగడం, వెనక్కి దూకడం మొదలుపెట్టారు. వారి పట్టుదల వల్లే 1998 ప్రాంతంలో సాలమన్ కంపెనీ రెండు కొసలూ పైకి వంగిన టెన్‌ఎయిటీ స్కీని బయటకు తెచ్చింది. పోటీల్లో చోటులేని ఈ ఆట బతికింది సినిమాల్లోనే. మ్యాచ్‌స్టిక్ ప్రొడక్షన్స్, 1995లో వ్యోమింగ్‌లోని జాక్సన్ హోల్‌లో పుట్టిన టీటన్ గ్రావిటీ రీసెర్చ్ వంటి సంస్థలు ఏటేటా ఒక సినిమా తీస్తూ, ఎవరు ఏం చేయగలరో ప్రపంచానికి చూపించాయి. వీడియో టేపుల్లో చూసిన పిల్లలు ఇంటి వెనుక దిబ్బ కట్టుకుని అదే చేశారు. ఒలింపిక్స్ స్కీయింగ్‌లోకి హాఫ్‌పైప్ (సగం గొట్టంలాంటి మంచు కాలువలో విన్యాసాలు), స్లోప్‌స్టైల్ (కడ్డీలూ దిబ్బలూ ఉన్న వాలు మీద విన్యాసాలు) వచ్చింది 2014లో. అంటే నియమాలు సినిమాల వెనుక పదిహేనేళ్లకు గానీ రాలేదు.

నేను పైన చెప్పిన ‘ఒక్కటే టేక్’ సూత్రానికి ఒక మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఆటస్థలాల్లో కట్టిన దిబ్బల మీద, ఊళ్లలో మెట్ల పక్కనుండే ఇనుప కడ్డీల మీద తీసే దృశ్యాలకు ఎన్నో ప్రయత్నాలు జరుగుతాయి, కుదిరిన ఒక్కటే మనం చూస్తాం. అక్కడ ఆకర్షణ వేరే దారిలో రావాలి. దానికి నేను చూసినంతలో ఉత్తమ ఉదాహరణ 2011లో షెర్పాస్ సినిమా అనే కెనడా బృందం తీసిన ‘ఆల్.ఐ.కెన్’లో జేపీ ఆక్లేర్ భాగం. బ్రిటిష్ కొలంబియాలోని ట్రెయిల్, రాస్‌లాండ్, నెల్సన్ ఊళ్ల వీధుల్లో తీసినది. పెద్ద కొండ లేదు, పెద్ద దూకడం కూడా లేదు. ఒక మనిషి ఇళ్ల మధ్య సందుల్లోంచి, గోడలు ఒరుసుకుంటూ, ప్రహరీలు దాటుకుంటూ, కరుగుతున్న మురికి మంచు మీద పనిమీద వెళ్తున్నవాడిలా దిగిపోతుంటాడు, చుట్టూ ఊరి జీవితం దాని మానాన అది సాగుతుంటుంది. దాన్ని నేను షాటు షాటుగా ఆపి చూశాను. ప్రతి కట్‌కూ ముందు అతడి శరీరం ఎటు మొగ్గుతుందో, కట్ తరువాత కూడా అదే మొగ్గు కొనసాగుతుంది, అందువల్ల వేరువేరు ఊళ్లలో, వేరువేరు రోజుల్లో తీసిన ముక్కలు మన మనసులో ఒకే దిగడంగా కుదురుకుంటాయి. అతుకులు ఉన్నాయని తెలిసీ ఒప్పుకుంటాం, ఎందుకంటే ఆ అతుకులు అబద్ధాన్ని అమ్మడానికి వేసినవి కావు, లైన్‌ను నిలబెట్టడానికి వేసినవి. కొండ మీద మంచు చేసే పనిని ఇక్కడ ఎడిటర్ చేశాడు.

ఆక్లేర్ 2014 సెప్టెంబరు చివర్లో చిలీ, అర్జెంటీనాల సరిహద్దు పర్వతాల్లో మంచు చరియలు విరిగిపడి మరణించాడు. మరో ప్రసిద్ధ స్కీయర్ షేన్ మెకాంకీ 2009 మార్చి 26న ఇటలీలోని డోలమైట్స్‌లో, కొండ అంచునుంచి స్కీలతో దూకాక ఒక స్కీ ఊడకపోవడంతో, పారాచూట్ తెరిచే సమయం మిగలక, 39వ ఏట మరణించాడు. సిల్వెస్టర్ షాట్‌ను ఎరుగని స్కీయింగ్ అభిమాని ఉండడు; మెకాంకీ ఆ దారినే ఇంకా ముందుకు నడిచాడు. అయితే అతణ్ణి ఆ చావుతోనే గుర్తుంచుకోవడం అన్యాయం. అలాస్కాలో నీటి మీద జారడానికి వాడే వాటర్ స్కీలు కట్టుకుని దిగి, మెత్తని మంచులో స్కీ అడుగు పడవలా వంగి ఉండాలని రుజువు చేసినవాడు అతడు. ఇవాళ మెత్తని మంచు కోసం తయారయ్యే స్కీలలో ఆ వంపు మామూలైపోయింది. నవ్వించడమే పనిగా పెట్టుకున్న పాత్రను కూడా సృష్టించి తెరమీద తనను తానే ఎగతాళి చేసుకున్నాడు.

ఈ మరణాలను చూసి, ఈ సినిమాలు చావును అమ్ముకుంటున్నాయని కొందరు అంటారు. పూర్తిగా కాదనలేను. వీటికి డబ్బు పెట్టేది స్కీలు, దుస్తులు, పానీయాలు అమ్మే కంపెనీలు, వాటికి కావలసింది నోరు తెరిచి చూసే జనం. కానీ సినిమాలన్నీ ఒక రకం కావు. 2005లో యూటాలోని ఆల్టా దగ్గర చాడ్స్ గ్యాప్ అనే దాదాపు 36 మీటర్ల ఖాళీని దాటబోయి, అవతలి వాలును అందుకోలేక, స్కీయర్ టానర్ హాల్ రెండు చీలమండలూ విరగ్గొట్టుకున్నాడు. ఆ దృశ్యంలో అతడి కేక వినబడుతుంది. నేను ఎడిటింగ్ బల్ల దగ్గర ఉంటే ఆ శబ్దాన్ని తగ్గించమని నిర్మాత అడిగేవాడేమో, నేను తగ్గించేవాణ్ణి కాదు. పడడాన్ని సంగీతం కింద సరదాగా చుట్టేసే సినిమా మిమ్మల్ని మోసం చేస్తోంది. పడితే ఏమవుతుందో వినిపించిన సినిమాలో, తరువాత వచ్చే నిలకడైన ల్యాండింగ్ విలువ మీకు తెలుస్తుంది. మంచి బృందాలు ఈ మధ్య వాలును పరీక్షించడం, మంచులో పూడినవారిని వెతికే పరికరాలు, వెనక్కి తిరిగి వచ్చేసిన రోజులు కూడా చూపిస్తున్నాయి. వెనక్కి తిరిగిన రోజును చూపడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే అందులో చూడడానికి ఏమీ ఉండదు.

దేనితో మొదలుపెట్టాలంటే, ముందుగా గ్రెగ్ స్టంప్ 1988లో తీసిన ‘ద బ్లిజర్డ్ ఆఫ్ ఆహ్స్’ చూడండి. ఫ్రాన్స్‌లోని షామొనీ నిటారు వాలుల మీద స్కాట్ ష్మిట్, మైక్ హాట్రప్, నెత్తిన నిలువెత్తు మోహాక్ జుట్టుతో గ్లెన్ ప్లేక్ ఉంటారు. చిత్రం నాణ్యత పాతబడింది గానీ మనుషుల్లోని అల్లరి పాతబడలేదు. స్టంప్ తానే ఒకప్పటి ఫ్రీస్టైల్ పోటీదారు, ఎక్కడ కెమెరా పెట్టాలో అతడికి చెప్పనక్కరలేదు. ఆ తరువాత ఆక్లేర్ వీధుల భాగం. ఆ తరువాత ఇటలీలోని దక్షిణ టిరోల్‌కు చెందిన మార్కస్ ఈడర్ 2021లో విడుదల చేసిన ‘ద అల్టిమేట్ రన్’. శిఖరం నుంచి ఊరి దాకా ఒకే దిగడంలా కూర్చిన ఆ పది నిమిషాల్లో నేను పైన చెప్పిన రెండు పద్ధతులూ, కొండ లైనూ ఎడిటర్ లైనూ, కలిసి కనబడతాయి. తలకు కట్టుకున్న కెమెరాతో తీసిన వీడియోలను కొంతకాలం పక్కన పెట్టండి. వాటిలో వేగం తెలుస్తుంది గానీ మనిషి కనబడడు, అతడి గాడి అసలే కనబడదు. ఫ్రెంచి స్కీయర్ కాండీడ్ తోవెక్స్‌వి మాత్రం మినహాయించండి, అతడు కెమెరా తన తలమీద ఉన్నా దారిని మనకు ముందే చూపించగలడు.

చూసేటప్పుడు ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. మనిషిని కాకుండా అతడి వెనుక మిగులుతున్న గాడిని అనుసరించండి, అతడు మలుపు తిరిగేలోపు తరువాతి మలుపు ఎక్కడ వేస్తాడో మీరే ఊహించండి. మొదట్లో అన్నీ తప్పుతాయి. పది దిగడాల తరువాత మూడింట ఒకటి సరిపోతుంది. ఇవి అన్నీ ఒకేలా ఉన్నాయన్న మాట మీరు ఆ పైన అనరు.